70లో చెయ్యి తీస్తే హ్యాండిల్ ఊగుతోంది, ఘాట్‌లో ముందు చక్రం మెలి తిరుగుతోంది – ఏం మార్చాలి?

కోదాడ_కుర్రోడు
350 సిసి బండి. ఏ కంపెనీదో చెప్పను, తిట్టుకోడానికి పెట్టిన పోస్టు కాదిది. 38 వేల కిలోమీటర్లు తిరిగింది. స్పోకుల చక్రం, మామూలు టెలిస్కోపిక్ షాకప్పులు, ముందు ఒక్కటే డిస్కు. వారం వారం హైదరాబాద్–కోదాడ, ఎన్‌హెచ్ 65 మీదే దాని బతుకంతా.

బాధలు రెండు. 80లో పోతూ యాక్సిలరేటర్ వదిలేస్తే 70 నుంచి 55కి దిగేదాకా హ్యాండిల్ కుడీఎడమా గడగడా ఊగుతుంది. రెండు చేతులూ ఆనించి ఉంటే తెలీదు. గ్లవ్ సర్దుకుందామని ఎడమ చెయ్యి తీశానా, జల్లెడ పట్టినట్టే.

రెండోది మొన్న శ్రీశైలం ఘాట్‌లో బయటపడింది. మలుపు మధ్యలో లారీ ఎదురొచ్చి ముందు బ్రేకు ముట్టుకున్నా. హ్యాండిల్ ఒక దారి, చక్రం ఒక దారి అనిపించింది. పడలేదు గానీ దోర్నాల దాకా 30 దాటలేదు.

మా మెకానిక్ "అప్‌సైడ్ డౌన్ షాకప్పులు (లావు గొట్టం పైకి, సన్న గొట్టం కిందకి ఉండేవి) ఎక్కిద్దాం, 28 వేలవుద్ది" అంటున్నాడు. ఇంకో షాపులో హ్యాండిల్ ఊగకుండా అడ్డుపడే స్టీరింగ్ డ్యాంపర్ పెట్టించుకోమన్నారు. ఫోన్లో చూస్తే ఫోర్క్ బ్రేస్, అంటే ముందు షాకప్పులు రెండిట్నీ కలిపి కట్టే పట్టీ, 3,500. వీటిల్లో ఏది కొనాలి?

రాణీగంజ్_రాజా
కొనుడు తర్వాత సంగతి. గాలి ఎంత కొట్టించినవ్? టైరు ఎన్నేండ్లది?

కోదాడ_కుర్రోడు
గాలి బంకులో వాడు ముందూ వెనకా 35 కొడతాడు. ముందు టైరు బండితో వచ్చినదే.

రాణీగంజ్_రాజా
35?? ముందు టైరుకా? చెయిన్ కవర్ మీద స్టిక్కర్ ఉంటది, చదువు. సగం రోగం ఆడ్నే పాయె.

పాత_చేతివాటం
మా నాన్న గేర్ స్కూటరుకి ఇంజనంతా కుడి పక్కనే ఉండేది, బండి పుట్టుకతోనే కుడికి ఒరిగేది. నేర్చుకున్న వాళ్లందరికీ ఎడమ భుజం ఒక అంగుళం కిందకి ఉంటుంది, పెళ్లి ఫోటోల్లో కూడా. హ్యాండిల్ ఊగుతోందని ఏడిస్తే ఎలా తమ్ముడూ.

స్పానర్_సత్తి
నవ్వులాట ఆపండి, చెప్పేది వినండి. ముప్పై ఏళ్లుగా రాజమండ్రిలో ఇదే పని. కుర్రాడు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు. అందరూ ఒకటే మందు రాసేస్తున్నారు.

వదిలేస్తే ఊగడం అంటే ముందు కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగులు, చూడాలి. మెయిన్ స్టాండు వెయ్యి, వెనక క్యారియర్ మీద బరువైన మనిషిని కూర్చోబెట్టు, ముందు చక్రం లేస్తుంది. రెండు షాకప్పుల్నీ కింద ఇరుసు దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగు. టిక్ టిక్ మంటే కోన్ వదులు. తరవాత హ్యాండిల్ నిటారుగా పెట్టి ఒక్క వేలితో మెల్లిగా తోసి చూడు. నడిమధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగిందంటే రేసర్లు, అంటే బాల్స్ తిరిగే రింగులు, గాట్లు పడిపోయాయి. హైవే బళ్లకి ఇది మామూలే. రోజూ తిన్నగా పోతుంటే బాల్స్ అన్నీ ఒకే చోట కూర్చుని గుంటల దెబ్బ తింటాయి కదా. అలాంటి దాన్ని బిగించినా ప్రయోజనం లేదు, మార్చాలి.

ఆ తరవాత చక్రం తిప్పి రిమ్ వంకర పోయిందేమో చూడు. టైరు మీద అరచెయ్యి ముందుకోసారి, వెనక్కోసారి రాయి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే ఆ టైరు చచ్చిపోయింది.

ఇవేమీ చూడకుండా 28 వేలు చెప్పిన మెకానిక్కి నా దండం.

ఘాట్_గోవిందు
సత్తి గారు చెప్పింది కరెక్టే గానీ రెండో బాధకి బ్రేసే మందు. నా బండికీ ఇదే తేడా ఉండేది, మారేడుమిల్లి మలుపుల్లో ప్రాణం లేచొచ్చేది. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ దగ్గర 8 మి.మీ. అల్యూమినియం పలకతో చేయించుకున్నా, 1,400 అయింది. అదే బండి, అవే మలుపులు, పట్టాల మీద పోయినట్టు పోతోంది.

ఇరుసు
@ఘాట్_గోవిందు మొదటి బాధకి బ్రేస్ చేసేది పెద్దగా లేదు, రెండో దానికి పనికొస్తుంది. ఎందుకో కొంచెం వివరంగా చెప్తా, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

క్యాటరింగ్ వాళ్ల ట్రాలీ చూసుంటారు. ఓ స్పీడు దగ్గర ముందు చక్రం గజగజలాడుతుంది. తోసే వాడు ఆగితే ఆగుతుంది, పరిగెత్తినా ఒక్కోసారి ఆగుతుంది. బండి ముందు చక్రానిదీ అదే లక్షణం. 1971లో ఆర్. ఎస్. షార్ప్ అనే ఇంజనీరు మోటారుసైకిల్ స్థిరత్వాన్ని లెక్కగట్టి, దానికి పడిపోవడం కాక ఊగే పద్ధతులు రెండున్నాయని చూపించాడు. వాబుల్ అంటే హ్యాండిల్, ముందు చక్రం మాత్రమే ఊగడం, సెకనుకి 6 నుంచి 10 సార్లు, 60–80 మధ్య స్పీడుల్లో ఎక్కువ. వీవ్ అంటే బండి మొత్తం పాములా మెలికలు తిరగడం, సెకనుకి 2, 3 సార్లు, స్పీడు పెరిగే కొద్దీ ముదురుతుంది. కుర్రాడిది వాబుల్. వదులైన కోన్ సెట్, అరిగిన టైరు, వెనక బరువు, ఇవే దాని చుట్టాలు.

స్టీరింగ్ డ్యాంపర్ వాబుల్‌ని తొక్కిపెడుతుంది. కానీ రోగం లోపల అలాగే ఉంటుంది, పైగా ఎక్కువ బిగిస్తే హై స్పీడులో వీవ్ పెరుగుతుంది.

ఘాట్‌లో మెలి తిరగడం వేరే కథ. డిస్కు ఒక పక్కే ఉంది. బ్రేకు పడగానే కాలిపర్ (డిస్కుని నొక్కే భాగం) ఉన్న షాకప్ కాలు వెనక్కి గుంజుకుంటుంది, రెండోది గుంజుకోదు. ఆ రెండు కాళ్లనీ కలిపి పట్టుకునేది పైన హ్యాండిల్ దగ్గరుండే టీ ప్లేట్లు, కింద ఇరుసు. మధ్యలో ఇంకేదైనా కట్టు ఉంటే మెలి తగ్గుతుంది. బ్రేస్ చేసేది అదే.

రాత్రిబస్సు
ట్రాలీ పోలిక బాగుంది సార్. ఇక నుంచి పెళ్లికెళ్తే సాంబారు బకెట్ దగ్గర నిలబడి చక్రాలే చూస్తా.

నల్లమల_పోరడు
మా అన్న బండికి గిట్లనే ఊగుతుందని మెకానిక్ కోన్ సెట్ కసితీరా బిగించిండు. ఊగుడు బందైంది. గని 20ల పోతుంటే కల్లు తాగినోని లెక్క ఇటు ఓసారి అటు ఓసారి. బ్యాలెన్స్ కోసం హ్యాండిల్ దానంతట అది సర్దుకోవాలె గదా, బిగుసుకపోతే ఎట్ల సర్దుకుంటది? మన్ననూరు చెక్‌పోస్ట్ కాడ గేటుకు గుద్దవోయిండు.

స్పానర్_సత్తి
@నల్లమల_పోరడు అదే. బిగింపు ఎంతంటే, చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని మధ్య నుంచి చిటికెన వేలితో తోస్తే దాని బరువుకి అదే ఒక పక్కకి మెల్లిగా జారిపోవాలి. ధడేల్న పడకూడదు, సగంలో ఆగకూడదు. కేబుళ్లు, వైర్ల కట్ట లాగుతున్నాయేమో ముందు చూసుకోవాలి, లేకపోతే తప్పు లెక్క వస్తుంది. కొత్త కోన్ వేస్తే 500 కిలోమీటర్లకి మళ్లీ ఓసారి చూడాలి, కూర్చుంటాయి.

ఎర్ర_హెల్మెట్
ఒక మాట. కోదాడకి వారం వారం అంటున్నావు, సామాను ఎక్కడ పెడతావు తమ్ముడూ?

కోదాడ_కుర్రోడు
వెనక టాప్ బాక్స్ అక్కా. అమ్మ పంపే బియ్యం, పచ్చళ్లు, లాప్‌టాప్. ఓ 15 కిలోలు ఉంటాయి.

ఎర్ర_హెల్మెట్
అదీ సంగతి. బాక్సు వెనక ఇరుసు దాటి వేలాడుతోంది, తూగుడు బల్లలా ముందు తేలిపోతుంది. నేను వైజాగ్ నుంచి అరకు వెళ్లేటప్పుడు బాక్సులో రెయిన్‌కోటు తప్ప ఏమీ పెట్టను, బరువంతా సీటు పక్క సంచుల్లోకి. నా బండి వణుకు సగం దాంతోనే పోయింది.

మిగతా సగం ముందు షాకప్పులది. నా బరువు 52 కిలోలు, అయినా బ్రేకు కొడితే ముక్కు నేలకి దిగేది. మెకానిక్ స్ప్రింగు మీద రెండు పాత రూపాయి బిళ్లలు పెట్టి మూత బిగించాడు. గట్టిపడిందన్నాడు. నిజంగా గట్టిపడిందా, ఎత్తు పెరిగిందా అన్నది నాకిప్పటికీ అనుమానమే.

ఇరుసు
ఎత్తే పెరిగింది. స్ప్రింగు గుణం మారలేదు. బిళ్లలు స్ప్రింగుని ముందే కొంచెం నొక్కి ఉంచుతాయి, దాంతో మీరు కూర్చుంటే దిగే దిగుడు తగ్గుతుంది, అంతే. సరిగ్గా ఉందో లేదో కొలుచుకోవచ్చు. ముందు షాకప్ పైపుకి ప్లాస్టిక్ ట్యాగు ఒకటి కట్టి, పైపు లోపలికి జారే చోటున్న రబ్బరు సీలు దాకా జరపండి. మెల్లిగా ఎక్కి మామూలుగా కూర్చుని, మెల్లిగా దిగండి. చక్రం గాల్లోకి లేపి ట్యాగుకీ సీలుకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. షాకప్ మొత్తం 130 మి.మీ. దిగేదైతే 35–40 ఉంటే సరి. 55 వస్తే స్పేసర్ కావాలి. బిళ్లలకంటే సరైన కొలతకి కోసిన పీవీసీ పైపు ముక్క, రెండు వైపులా వాషర్లు, మేలు.

పాత_చేతివాటం
నా బండిలో 1982 ఆసియా క్రీడల రెండు రూపాయల బిళ్లలున్నాయి. సర్వీసింగుకి ఇచ్చినప్పుడల్లా భయమే, బండి పోతుందని కాదు.

గుంటూరు_గేరు
అందరూ కోన్, బ్రేస్ అంటున్నారు, ఆయిల్ ఎవ్వరూ అడగరేం? 38 వేలు తిరిగిన బండి. షాకప్ ఆయిల్ ఎప్పుడైనా మార్చావా?

కోదాడ_కుర్రోడు
షాకప్‌లో ఆయిల్ ఉంటుందని తెలుసు. మార్చాలని తెలీదు.

గుంటూరు_గేరు
ఓరి నాయనో. రెండు కాళ్లలో ఆయిల్ తేడా ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది, నీది ఖాయంగా అదే.

ఇరుసు
@గుంటూరు_గేరు మార్చాలన్న మాట నిజం. ఒక పక్కకి లాగుతుందన్నది మాత్రం ఒప్పుకోను. షాకప్పులు చేసే షోవా కంపెనీ వాళ్ల సెపరేట్ ఫంక్షన్ ఫోర్క్‌లో కావాలనే స్ప్రింగు పని ఒక కాలికి, డ్యాంపింగ్ (ఊపు ఆపే) పని ఇంకో కాలికి పంచారు. రేసు బళ్లక్కూడా వేశారు, ఏ పక్కకీ లాగడం లేదు. ఇరుసూ టీ ప్లేట్లూ గట్టిగా ఉంటే రెండు కాళ్లూ ఒక్క మనిషివే.

గుంటూరు_గేరు
రేసు బండి ఇరుసు నా బొటనవేలంత లావుంటుంది సార్. వీడి బండి ఇరుసు పెన్సిలంత. ఆ లెక్క ఇక్కడ పనిచెయ్యదు.

ఇరుసు
పెన్సిల్ కొంచెం అతిశయోక్తి. కానీ పాయింటు ఉంది, సన్నటి ఫోర్కులకి తేడా కొంత తెలుస్తుంది. తగ్గాను.

నల్లమల_పోరడు
ఇరుసు సారు తగ్గిండు. తారీఖు రాసి పెట్టుకోండి.

లంబసింగి_చలి
ఆయిల్ మాటొచ్చింది కాబట్టి, ఇంజన్ ఆయిల్ మాత్రం పొయ్యకండి. మా వాడొకడు మిగిలిన 20డబ్ల్యు 50 ఉందని రెండు కాళ్లలోనూ పోశాడు. తెల్లారి చలిలో బండి తీస్తే షాకప్పులు ఇనప కడ్డీలు. ప్రతి గుంటా మణికట్టులోకొచ్చింది. ఎండెక్కాక కొంచెం లొంగింది గానీ వాడు అప్పటికే ఇల్లు చేరాడు.

స్పానర్_సత్తి
పాత రకం షాకప్పుల్లో లోపల ఒక గొట్టానికి చిన్న చిన్న బెజ్జాలుంటాయి, ఆయిల్ వాటిలోంచి దూరాలి. మెల్లిగా దిగితే అడ్డే ఉండదు, ధన్‌మని గుంటలో పడితే ఆయిల్ అంత త్వరగా దూరలేక రాయిలా కొడుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే బ్రేకు ముంచడం తగ్గుద్ది గానీ గుంట దెబ్బ ఇంకా పెరుగుద్ది. పుస్తకంలో చెప్పిన గ్రేడుతో మొదలెట్టండి. అదీ కాలికింత అని కొలిచి.

ఫ్రాంక్‌ఫర్ట్_పులుసు
అప్‌సైడ్ డౌన్ గురించి ఎవరూ తేల్చలేదు. ఇక్కడ జర్మనీలో అనుమతి కాగితం లేని ఫోర్కు వేస్తే రెండేళ్లకోసారి జరిగే టియువి తనిఖీలో బండి పక్కన పెట్టేస్తారు. ఫోర్క్ బ్రేసుకీ కాగితం అడుగుతారు. మన దగ్గర ఎవరూ అడగరా?

ఇరుసు
అడగాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ అయితే బీమా వాళ్లకి మంచి సాకు.

చట్టం సంగతి అలా ఉంచినా, ఇంకో బండి ఫోర్కు పొడవు నీ బండికి సరిపోవాలిగా. ఇరుసుల మధ్య 1370 మి.మీ. వీల్‌బేస్ ఉన్న బండికి ముందు 20 మి.మీ. దిగిందంటే హెడ్ కోణం (హ్యాండిల్ మెడ వాలు) 0.8 డిగ్రీ నిలువవుతుంది, ట్రైల్ (మెడ గీత నేలని తాకే చోటుకీ టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరం) తగ్గుతుంది. అంటే స్థిరంగా ఉండే గుణం ఇంకా పోతుంది. 28 వేలు పెట్టి ఊగుడు కొనుక్కున్నట్టు.

కోదాడ_కుర్రోడు
ఈ ఆదివారం పని పెట్టుకున్నా. వెనక మా బామ్మర్దిని కూర్చోబెట్టా, 94 కిలోలు, చక్రం బ్రహ్మాండంగా లేచింది. షాకప్పులు లాగితే టక్కుమంది. హ్యాండిల్ మధ్యలో సత్తి గారు చెప్పిన గాడి ఉంది, కళ్లు మూసుకుని తిప్పినా అక్కడే ఆగుతోంది. టైరు మీద చెయ్యి రాస్తే వెనక్కి లాగినప్పుడు రంపమే. ఆయిల్ తీస్తే కుడి కాలి నుంచి 190 మి.లీ. వచ్చింది, ఎడమ నుంచి 130. రంగు ఇంట్లో డికాషన్.

ఫోటో పెట్టా చూడండి. ఎడమ సీలు దగ్గర తడి కనపడుతోందా?

స్పానర్_సత్తి
కనపడుతోంది. సీలు మార్చే ముందు దుమ్ము ఆపే డస్ట్ సీలు పైకి జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కని కొక్కెంలా కత్తిరించి సీలు లోపలంచు చుట్టూ ఒకసారి తిప్పు. ఇసుక రేణువు ఇరుక్కుని కారుతుంటే దాంతోనే ఆగుద్ది. ఆగకపోతే మార్చు.

ఘాట్_గోవిందు
ఫోటో జూమ్ చేసి చూశా. ఆగాగు. ముందు మడ్గార్డు ఒరిజినలేనా అది?

కోదాడ_కుర్రోడు
కాదన్నా. డిసెంబర్లో మార్చా. ఇనప మడ్గార్డు బరువుగా, ముసలి బండిలా ఉందని పొట్టి ప్లాస్టిక్‌ది వేయించా. 900.

ఘాట్_గోవిందు
దానికి రెండు వైపులా వేరు వేరు ఎల్ క్లిప్పులున్నాయి చూడు. ఒక కాలికీ రెండో కాలికీ మధ్య ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. పాతదాని లోపల తిరగేసిన యు ఆకారంలో లావుపాటి ఇనప పట్టీ ఉండాలి, కాలికి రెండేసి బోల్టులతో. ఉందా?

కోదాడ_కుర్రోడు
ఉంది. నాలుగు బోల్టులు నేనే విప్పా. ఒకటి తుప్పు పట్టి అరగంట పట్టింది.

ఇరుసు
అదేనయ్యా నీ ఫోర్క్ బ్రేస్! కంపెనీ వాడు మడ్గార్డు పేరు పెట్టి ఊరికే ఇచ్చాడు, నువ్వు 900 పెట్టి పీకించుకున్నావు. ఇప్పుడు 3,500 పెట్టి మళ్లీ కొనబోతున్నావు. శ్రీశైలం ఎప్పుడెళ్లావు?

కోదాడ_కుర్రోడు
జనవరి.

రాత్రిబస్సు
😂😂😂

రాణీగంజ్_రాజా
పాత మడ్గార్డు ఏడుందో చెప్పు. గుజిరీకి ఏసినవంటే మాత్రం ఈ థ్రెడ్ బంద్.

కోదాడ_కుర్రోడు
ఊళ్లో మేడ మీద ఉంది. అమ్మ చిక్కుడు పాదుకి ఆసరాగా కట్టింది. తీగ దాని చుట్టూ మూడు చుట్లు తిరిగింది, పూత మీద ఉంది. ఫోన్ చేస్తే "కాపు అయ్యాక తీసుకుపో" అంటోంది.

ఎర్ర_హెల్మెట్
కాపు అయ్యేదాకా ఘాట్ ఎక్కకు.

పాత_చేతివాటం
చిక్కుడు పాదు మాత్రం ఎంత గాలొచ్చినా ఊగట్లేదు, గమనించారా?

ఘాట్_గోవిందు
పట్టీ మళ్లీ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. నేను బ్రేస్ మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశా, ఇందాక రాయలేదు, సిగ్గేసి. బెజ్జాలు అర మి.మీ. తేడాగా పడ్డాయి, బలవంతంగా లాగి బిగించా. రెండు కాళ్లూ దగ్గరికి గుంజుకుని షాకప్ బిగుసుకుపోయింది, చిన్న స్పీడ్ బ్రేకర్లు కూడా దవడకి తగిలేవి. మళ్లీ ఆటోనగర్ వెళ్లి బెజ్జాలు కోలగా తీయించా.

స్పానర్_సత్తి
వరస ఇది. ఇరుసు నట్టు బిగించు, పక్కన ఇరుసుని కాలికి పట్టి ఉంచే పించ్ బోల్టు వదులుగా ఉంచు, పట్టీ బోల్టులు నాలుగూ వేలితో తిప్పినంతే. బండి నేల మీద పెట్టి, ముందు బ్రేకు పట్టుకుని ఐదారుసార్లు కిందకి నొక్కు. కాళ్లు వాటంతట అవే తమ దారిలో కూర్చుంటాయి. అప్పుడు పించ్ బోల్టు, చివర్న పట్టీ. మన షాపుల్లో నూటికి తొంభై చోట్ల చక్రం గాల్లో ఉండగానే అన్నీ బిగించేస్తారు.

కోదాడ_కుర్రోడు
మూడు వారాల తరవాత అప్‌డేట్. టేపర్ రోలర్ (బాల్స్ బదులు రోలర్లుండే) కోన్ సెట్, ముందు టైరు, రెండు సీళ్లు (ఎక్స్‌రే ముక్కకి లొంగలేదు, మా నాన్న మోకాలి ఎక్స్‌రే వృథా), కాలికి 200 మి.లీ. చొప్పున పుస్తకంలో చెప్పిన ఆయిల్. కూలీతో కలిపి 5,200. బియ్యం బాక్సులోంచి సీటు పక్క సంచుల్లోకి మారాయి. గాలి స్టిక్కర్ ప్రకారం.

సూర్యాపేట దాటాక ఖాళీ రోడ్డు చూసి 80 నుంచి వదిలేశా. 70, 65, 60, ఎడమ చెయ్యి తొడ మీద. ఏమీ లేదు. 55లో సన్నగా ఒక్కసారి వణికినట్టుంది, లేదా నేనే వణికానేమో.

ఇనప పట్టీ ఇంకా రాలేదు. ఘాట్ టెస్టు అది వచ్చాకే.

ఇరుసు
ఆ 55 దగ్గరది కొత్త కోన్ కూర్చుంటున్నట్టు. 500 కిలోమీటర్లు అయ్యాయా?

కోదాడ_కుర్రోడు
340. ఇంకో ట్రిప్పు అయ్యాక చూపిస్తా.

లంబసింగి_చలి
నా బండికీ అలాంటి పొట్టి మడ్గార్డే. ఒరిజినల్ పట్టీ విడిగా దొరుకుతుందా ఎక్కడైనా?

రాణీగంజ్_రాజా
రాణీగంజ్‌ల స్పేర్ పార్టుల షాపులల్ల అడిగి చెప్త. ఏ సంవత్సరం బండి, పాత పట్టీ ఫోటో ఉంటే పెట్టు.

కోదాడ_కుర్రోడు
ఫోటో నేను పెడతా, కొలతలు కూడా. మా అమ్మని స్కేలు పట్టుకోమన్నా. ఆకులు అడ్డమొస్తే ఏమనుకోకండి.